గర్భనిరోధక మాత్రలు, ఇతర మందులు: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

గొంతు నొప్పికి డాక్టర్ అయిదు రోజులు అమాక్సిసిలిన్ రాసినప్పుడు 'పిల్స్ వేసుకుంటున్నాను, అవి పనిచేస్తాయా?' అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఫిట్స్‌కు కార్బమజెపిన్ మొదలుపెట్టిన రోజున అదే ప్రశ్న అడిగేవాళ్లు అరుదు. నిజానికి అడగాల్సింది ఆ రోజునే. అమాక్సిసిలిన్ వల్ల గర్భనిరోధక మాత్ర బలం తగ్గదు. కార్బమజెపిన్ వాడితే రక్తంలో ఈస్ట్రోజెన్ నలభై శాతానికి పైగా పడిపోవచ్చు. ఈ తారుమారు ఎందుకు జరుగుతోందో తెలియాలంటే మందుల పేర్లు బట్టీ పట్టడం కన్నా, ఏ మందు ఎక్కడ అడ్డొస్తుందో చూడడం మేలు. అడ్డు పడే చోట్లు ముఖ్యంగా రెండే: పేగు, కాలేయం.

ముందు మాత్ర సంగతి. ఎక్కువమంది వాడే మిశ్రమ మాత్రలో రెండు హార్మోన్లుంటాయి. ఒకటి ఈస్ట్రోజెన్, దాదాపు ఎప్పుడూ ఇథినైల్ ఈస్ట్రడయాల్. రెండోది ప్రొజెస్టిన్: లెవోనార్జెస్ట్రెల్, డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరెనోన్ వంటివి. ఈస్ట్రోజెన్ మోతాదు 20 నుంచి 35 మైక్రోగ్రాములు. ఇది ఎంత తక్కువో ఊహకు అందాలంటే, 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్ల బరువు 30 మైక్రోగ్రాములకు పదహారు వేల రెట్లకు పైమాటే. 1960లో అమెరికా గర్భనిరోధానికి అనుమతించిన మొట్టమొదటి మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. రక్తం గడ్డకట్టే ప్రమాదం బయటపడ్డాక మోతాదు క్రమంగా తగ్గుతూ వచ్చింది. అది మంచికే జరిగింది. కాకపోతే, తేడా వస్తే తట్టుకునే వెసులుబాటు కూడా దాంతోపాటే తగ్గిపోయింది. పాత మాత్రలో సగం పోయినా ఇంకా మిగిలేది. నేటి మాత్రలో సగం పోతే అండాశయాన్ని అదుపులో ఉంచేంత హార్మోన్ మిగలకపోవచ్చు.

ఈ మాత్ర చేసే ప్రధానమైన పని అండం విడుదల కాకుండా చూడడం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే సంకేతాలను అణిచి ఉంచుతుంది. వరసగా 7 రోజులు వేసుకుంటే అండాశయం నిద్రలోకి జారుతుంది. వరసగా 7 రోజులు మానేస్తే మేలుకోవడం మొదలవుతుంది. 21 మాత్రల తర్వాత ఇచ్చే విరామం సరిగ్గా ఆ 7 రోజుల అంచున నిలబడి ఉంది. అందుకే హార్మోన్‌ను తగ్గించే మందు ఏదైనా, విరామానికి అటూ ఇటూ ఉన్న రోజుల్లోనే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మాత్రల్లో కొన్ని, ముఖ్యంగా పాతవి, గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావాన్ని చిక్కబరచడం మీదే ఎక్కువగా ఆధారపడతాయి. వాటిలో వెసులుబాటు ఇంకా తక్కువ. లెవోనార్జెస్ట్రెల్, నారెథిస్టిరోన్ మాత్రలను రోజూ అనుకున్న సమయానికి 3 గంటల లోపు వేసుకోవాలి. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల మాత్రకైతే 12 గంటల దాకా గడువుంది.

పేగులో జరిగేది

మాత్ర మింగిన తర్వాత హార్మోన్ రక్తంలో కలవడానికి కొన్ని గంటలు పడుతుంది. వేసుకున్న 3, 4 గంటల లోపే వాంతయితే ఆ మాత్ర లెక్కలోకి రాదు, వెంటనే ఇంకొకటి వేసుకోవాలి. దాన్ని విడిగా పెట్టుకున్న స్ట్రిప్ నుంచి తీస్తే నడుస్తున్న స్ట్రిప్ వరస చెడదు. వాంతులు గానీ నీళ్ల విరేచనాలు గానీ ఒక రోజు దాటి సాగితే, ఆ రోజుల్లో మాత్రలు మింగుతున్నా మానేసినట్టే లెక్క. మిశ్రమ మాత్ర వాడేవాళ్లకు అలా రెండు రోజులో అంతకంటే ఎక్కువో పోతే, తగ్గిన తర్వాత వరసగా 7 మాత్రలు పడేవరకూ కండోమ్ తప్పదు. స్ట్రిప్‌లో హార్మోన్ మాత్రలు 7 కన్నా తక్కువ మిగిలితే విరామం తీసుకోకుండా నేరుగా కొత్త స్ట్రిప్ మొదలుపెట్టాలి. రంగు వేరుగా ఉండే ఖాళీ మాత్రలుంటే వాటిని పక్కన పెట్టేయాలి. అనారోగ్యం స్ట్రిప్ మొదటి వారంలో వచ్చి, ఆ రోజుల్లో రక్షణ లేని కలయిక జరిగితే అత్యవసర గర్భనిరోధకం గురించి ఆలోచించాలి.

కొన్ని మందులు పేగులోనే హార్మోన్‌ను పట్టేసుకుంటాయి. విషం తీసుకున్నప్పుడు ఇచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్ అలాంటిది. ఈ మధ్య 'డిటాక్స్' పేరుతో దాన్ని ఉత్తపుణ్యానికి మింగేవాళ్లూ ఉన్నారు. మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో చార్‌కోల్ పడితే ఆ మాత్ర వాంతిలో పోయినట్టే అనుకోవాలి. కొలెస్ట్రాల్ తగ్గించే పొడులు కొలెస్టిరమిన్, కొలిసెవెలామ్‌లదీ ఇదే పద్ధతి. కొలిసెవెలామ్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రను దానికి కనీసం 4 గంటల ముందు వేసుకోవాలి. బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ హార్మోన్ జోలికి పోదు. కానీ దానివల్ల తీవ్రమైన విరేచనాలైతే కథ మళ్లీ పై పేరాకే వస్తుంది.

పేగుకు సంబంధించి ఈ మధ్య చేరిన కొత్త పేరు టిర్జెపటైడ్. మధుమేహానికి, బరువు తగ్గడానికి వారానికొకసారి పొడిచే ఇంజెక్షన్ ఇది. కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని బాగా తగ్గిస్తుంది. 5 మిల్లీగ్రాముల మొదటి మోతాదు తర్వాత పరీక్షిస్తే, ఇథినైల్ ఈస్ట్రడయాల్ రక్తంలో చేరుకునే గరిష్ఠ స్థాయి 59 శాతం పడిపోయింది. మొత్తంగా శరీరానికి అందింది సుమారు 20 శాతం తగ్గింది. అందుకే మాత్రలు వాడేవాళ్లు టిర్జెపటైడ్ మొదలుపెట్టిన తర్వాత 4 వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు కండోమ్ కూడా వాడాలని, లేదా మింగనవసరం లేని పద్ధతికి మారాలని తయారీదారు సూచన. మోతాదు నెలనెలా పెరిగే మందు కనుక ఆచరణలో ఇది నెలల తరబడి సాగుతుంది. అదే కుటుంబానికి చెందినదైనా సెమాగ్లూటైడ్‌తో ఇలాంటి తగ్గుదల కనిపించలేదు. అయితే రెండింటితోనూ వాంతులు మామూలే, వాంతుల లెక్క వేరుగా ఉండనే ఉంది.

కాలేయం అసలు రంగస్థలం

మాత్రలు పనిచేయకుండా పోయే కేసుల్లో పెద్దవన్నీ కాలేయంలో మొదలవుతాయి. బయటినుంచి వచ్చిన రసాయనాలను ముక్కలుచేసి పంపేసే ఎంజైమ్‌లు అక్కడుంటాయి. వాటిలో సీవైపీ 3ఏ4 అనేది గర్భనిరోధక హార్మోన్లు రెండింటినీ అరగదీస్తుంది. కొన్ని మందులు లోపలికి రాగానే కాలేయ కణాల్లోని ప్రెగ్నేన్ ఎక్స్ రిసెప్టర్ అనే మీటను నొక్కుతాయి. పనివాళ్లు చాలడం లేదన్న కబురు అందినట్టు కాలేయం ఆ ఎంజైమ్‌ను మరింతగా తయారుచేస్తుంది. తెచ్చిపెట్టుకున్న ఆ అదనపు ఎంజైమ్‌కు తన పర బేధం లేదు. పిలిచిన మందునూ తినేస్తుంది, పక్కనే ఉన్న హార్మోన్‌నూ తినేస్తుంది. ఇటువంటి మందులను ఎంజైమ్ ఇండ్యూసర్లు అంటారు.

ఈ పద్ధతిలో గమనించాల్సిన విషయం, ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది. కొత్త ఎంజైమ్ తయారై పోగుపడడానికి కొన్ని రోజులు, పూర్తి స్థాయికి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మందు ఆపిన తర్వాత పోగుపడిన ఎంజైమ్ కరిగిపోవడానికీ అంతే నెమ్మది. మందు అయిపోయింది కాబట్టి గండం గడిచిందనుకోవడం ఇక్కడే పొరపాటు. అందుకే ఇండ్యూసర్ చివరి మోతాదు తర్వాత 28 రోజులు జాగ్రత్త కొనసాగించాలని మార్గదర్శకాలు చెబుతాయి.

అందరికన్నా బలమైన ఇండ్యూసర్ రిఫాంపిసిన్. క్షయకు వాడే ఈ మందు తీసుకుంటున్న స్త్రీలలో పీరియడ్స్ మధ్యలో రక్తం కనబడడం, మాత్రలు వాడుతున్నా గర్భం రావడం 1971లోనే జర్మనీ వైద్యులు నమోదు చేశారు. గర్భనిరోధక మాత్రలకూ ఇతర మందులకూ పొత్తు కుదరదన్న సంగతి లోకానికి తెలిసింది దాదాపుగా అక్కడినుంచే. దేశాన్ని బట్టి దీనికి రిఫాంపిన్ అనే పేరూ ఉంది, రెండూ ఒకటే మందు. క్షయకు నాలుగు మందులు కలిపి ఒకే బిళ్లగా ఇస్తుంటారు కాబట్టి, స్ట్రిప్ ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే పేరు చూస్తే ఇది తెలియదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే దినుసుల పేర్లు చదవాలి. రిఫాపెంటిన్, రిఫాబ్యూటిన్ కూడా ఇదే ఇంటి మందులు. రిఫాబ్యూటిన్ కాస్త మెతక, అయినా మినహాయింపు లేదు.

రెండో పెద్ద వర్గం ఫిట్స్ మందులు. ఇక్కడ తేడాలు తెలుసుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే సగం మందులు అడ్డొస్తాయి, సగం రావు. ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, ప్రిమిడోన్, కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఎస్లికార్బజెపిన్, రుఫినమైడ్ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. టోపిరమేట్ సంగతి మోతాదు మీద ఆధారపడుతుంది. రోజుకు 200 మిల్లీగ్రాముల దగ్గర ఈస్ట్రోజెన్ 18 శాతం, 400 దగ్గర 21, 800 దగ్గర 30 శాతం తగ్గినట్టు కొలిచారు. మైగ్రేన్‌కు తక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు తగ్గుదల తక్కువే. అయితే టోపిరమేట్ కడుపులో బిడ్డకు హాని చేసే మందు కాబట్టి, తక్కువే కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. పెరంపనెల్ రోజుకు 12 మిల్లీగ్రాముల దగ్గర లెవోనార్జెస్ట్రెల్‌ను తగ్గిస్తుంది. సోడియం వాల్‌ప్రోయేట్, లెవెటిరసిటామ్, గాబపెంటిన్, ప్రీగాబలిన్, లాకోసమైడ్, జోనిసమైడ్, ఎథోసక్సిమైడ్ మాత్రల జోలికి రావు. వాల్‌ప్రోయేట్ విషయంలో మాత్రం ఒక మాట చెప్పి తీరాలి. మాత్రను అది చెడగొట్టకపోయినా పిండానికి తీవ్రంగా చేటు చేస్తుంది. అది వాడుతూ గర్భనిరోధకంలో ఏ చిన్న లోపం వచ్చినా ఖరీదైన లోపమే. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వంటి మందులు వాడేవాళ్లది అంతకన్నా ఇబ్బందైన స్థితి: మాత్ర బలం తగ్గించేదీ అదే మందు, పిండానికి చేటు చేసేదీ అదే.

నరాల నొప్పికీ మూడ్ మార్పులకూ కూడా కార్బమజెపిన్ రాస్తుంటారు. 'నాకు ఫిట్స్ లేవు కదా' అనుకుని ఈ వరసను దాటేయకూడదు. జబ్బు ఏదైనా మందు అదే.

హెచ్ఐవీ మందుల్లో ఎఫవిరెంజ్ మీద ప్రత్యేకంగా కన్నేయాలి. లెవోనార్జెస్ట్రెల్‌ను గట్టిగా తగ్గిస్తుంది. చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఉన్నా గర్భం వచ్చిన కేసులున్నాయి. రిటోనావిర్ కలిపి ఇచ్చే ప్రోటియేజ్ మందులు ఇథినైల్ ఈస్ట్రడయాల్‌ను తగ్గిస్తాయి. ఇందులో ఒక చోద్యం ఉంది. రిటోనావిర్ సీవైపీ 3ఏ4ను నిజానికి అణిచేసే మందు, ఆ లెక్కన హార్మోన్ పెరగాలి. కానీ అదే సమయంలో ఈస్ట్రోజెన్‌ను బయటికి పంపే వేరే దారులను తెరుస్తుంది, దాంతో మొత్తం మీద తగ్గుదలే మిగులుతుంది. మందు ఒక ఎంజైమ్‌ను ఏం చేస్తుందో చదివి ఫలితం ఊహించేయడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది. కోవిడ్‌కు 5 రోజులు ఇచ్చే నిర్మాట్రెల్విర్‌లోనూ రిటోనావిర్ కలిసి ఉంటుంది, అక్కడా కండోమ్ తోడు చేసుకోమన్నదే సూచన. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న డొలుటెగ్రావిర్‌తో ఈ గొడవ లేదు.

మిగిలినవి విడివిడిగా వచ్చేవి. ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడికి వాడే బొసెంటాన్ మాత్ర బలాన్ని తగ్గిస్తుంది, పిండానికీ ప్రమాదం. ఫంగస్‌కు వాడే పాత మందు గ్రిసియోఫుల్విన్ కూడా అంతే. టెర్బినాఫిన్, ఫ్లుకొనజోల్‌లతో ఆ భయం లేదు. కీమోథెరపీ వాంతులకు ఇచ్చే అప్రెపిటాంట్ మూడు రోజులే వాడినా దాని నీడ కనీసం నెలపాటు ఉంటుంది. నిద్రమత్తుకు ఇచ్చే మొడాఫినిల్‌ను పరీక్షల కోసం మెలకువగా ఉండడానికి చీటీ లేకుండా మింగేవాళ్లకు, అది గర్భనిరోధక మాత్రకు అడ్డొస్తుందని చెప్పే మనిషే ఉండరు.

చెప్పే మనిషి లేని సరుకుల్లో అన్నిటికన్నా మోసపుచ్చేది సెయింట్ జాన్స్ వర్ట్. మనసు బాగుండడానికి, నిద్ర పట్టడానికి అంటూ మూలికల వరసలో అమ్ముతారు. అందులోని హైపర్‌ఫొరిన్ ప్రెగ్నేన్ ఎక్స్ రిసెప్టర్ మీటను గట్టిగా నొక్కే పదార్థం. ఆకుపసరు కదా అని దాన్ని డాక్టర్‌తో చెప్పరు, 'వేరే మందులేమైనా వాడుతున్నారా' అంటే లేదనేస్తారు. అందుకే ఆ ప్రశ్నను 'పొడులు, కషాయాలు, సప్లిమెంట్లు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి ఏమైనా ఉన్నాయా' అని విడమరిచి అడగాలి.

యాంటీబయాటిక్ భయం ఎక్కడిది

రిఫాంపిసిన్ కూడా యాంటీబయాటికే. అపోహకు ఒక వేరు అక్కడుంది. ఒకదానికి నిజమైనది అన్నిటికీ అంటించేశారు. రెండో వేరు పేగులో ఉంది. కాలేయం కొంత ఈస్ట్రోజెన్‌ను మూటకట్టి పిత్తరసంతో పేగులోకి పంపుతుంది. పేగులోని బ్యాక్టీరియా ఆ మూట విప్పితే హార్మోన్ మళ్లీ రక్తంలోకి వెళుతుంది. యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తే ఈ రెండో విడత అందదని వాదన. కాగితం మీద చక్కగా ఉంది. కానీ పెద్దపేగు తీసేసి ఇలియోస్టమీతో (చిన్నపేగు చివరను పొట్ట మీద రంధ్రానికి కలిపే ఏర్పాటు) ఉన్న స్త్రీలలో కొలిచి చూసినప్పుడు హార్మోన్ స్థాయి తగ్గలేదు. ఆ రెండో విడత మీద మాత్ర ఆధారపడి లేదన్నమాట. పైగా ప్రొజెస్టిన్ ఈ దారిన పనికొచ్చే రూపంలో తిరిగి రాదు, అండం విడుదలను ఆపడంలో ముఖ్యపాత్ర దానిదే.

అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్, ఇవన్నీ ఎంజైమ్‌ను పెంచని మందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ప్రమాణాల్లో, వీటితో పాటు మాత్రలు వాడడానికి ఎలాంటి ఆంక్షా లేదు. బ్రిటన్‌లోని లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య నిపుణుల సంస్థ 2011లో అదనపు జాగ్రత్త అక్కర్లేదని తన సూచన మార్చుకుంది. పాత కరపత్రాల్లో మాత్రం హెచ్చరిక ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

మరి యాంటీబయాటిక్ వాడిన నెలలోనే గర్భం వచ్చిందనే మాటలు? మాత్రలు పొల్లుపోకుండా వాడితే ఏడాదికి వెయ్యిమందిలో ముగ్గురికి, జనం మామూలుగా వాడే తీరులో అయితే వందమందిలో ఏడుగురికి గర్భం వస్తుంది. యాంటీబయాటిక్ వాడకం అంత సాధారణమైనప్పుడు రెండూ ఒకే నెలలో పడడంలో వింత లేదు. దానికి తోడు జ్వరంలో మాత్ర మరిచిపోవడం, మందు పడక వాంతులు, విరేచనాలు. నేరం చేసింది అవి, పేరు పడింది యాంటీబయాటిక్‌కు. కాబట్టి యాంటీబయాటిక్ రాసినప్పుడు చూసుకోవాల్సింది రెండే: అది రిఫాంపిసిన్ ఇంటిదా, కడుపు చెడిందా.

లెక్క ఎలా వేయాలి

మెదడు పొరల వాపు సోకిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు అది అంటకుండా రిఫాంపిసిన్ రెండు రోజులు ఇచ్చే పద్ధతి ఉంది. నెల 1, 2 తేదీల్లో ఆ మందు వేసుకున్నారనుకుందాం. రెండు రోజులేగా అనిపిస్తుంది. కానీ చివరి మోతాదు 2వ తేదీ, అక్కడినుంచి 28 రోజులు లెక్కిస్తే 30వ తేదీ. అంటే 1 నుంచి 30 వరకూ కండోమ్ వాడాలి. ఆ నెలలో మాత్రలు మానక్కర్లేదు, యథావిధిగా వేసుకోవాలి. ఆ రోజుల్లో స్ట్రిప్‌ల మధ్య విరామం వస్తే దాన్ని దాటేసి, స్ట్రిప్ వెంట స్ట్రిప్ మొదలుపెట్టడం మంచిది. ఆ నెల పీరియడ్ రాకపోవచ్చు, మధ్యలో కాస్త స్పాటింగ్ (రక్తం మరకలు) కనిపించవచ్చు.

ఇండ్యూసర్ ఆరు నెలలో, ఏళ్ల తరబడో వాడాల్సి వస్తే కండోమ్ మీద భారం వేయడం సరికాదు, పద్ధతే మార్చుకోవాలి. రాగి తీగ చుట్టిన కాపర్ టీ కి హార్మోన్‌తో పని లేదు, ఏ మందూ దాన్ని తాకలేదు. గర్భాశయంలో అమర్చే, లెవోనార్జెస్ట్రెల్ ఉండే ఐయూఎస్ అక్కడే పనిచేస్తుంది కాబట్టి కాలేయం ఎంత చురుగ్గా ఉన్నా తేడా రాదు. మూడు నెలలకొకసారి వేసే మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ 150 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ మోతాదు ఎంత పెద్దదంటే ఎంజైమ్ పెరిగినా చాలినంత మిగులుతుంది. దాన్ని ముందుగా వేయించుకోనక్కర్లేదు, మామూలు గడువే. చర్మానికి అంటించే ప్యాచ్, యోని రింగ్, ఇంప్లాంట్, ప్రొజెస్టిన్ మాత్రలు మాత్రం ఈ పరిస్థితిలో పనికిరావు. ప్యాచ్ పేగును తప్పించుకుంటుంది గానీ కాలేయాన్ని తప్పించుకోలేదు. రక్తంలోకి ఏ దారిన వచ్చినా హార్మోన్ చివరికి ఆ గడప తొక్కాల్సిందే.

రోజుకు రెండు మాత్రలు వేసుకుంటే సరిపోతుందిగా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఒకప్పుడు వైద్యులే 50 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఇచ్చి, విరామం 4 రోజులకు కుదించి నడిపించేవారు. రిఫాంపిసిన్ విషయంలో అదీ చాలదు. మిగతా వాటిలోనూ ఎంత పెంచితే సరిపోతుందో ఒక్కో శరీరానికీ ఒక్కోలా ఉంటుంది. పెంచిన ఈస్ట్రోజెన్‌తో గడ్డకట్టే ప్రమాదం వేరే. సొంతంగా చేయాల్సిన పని అసలు కాదు.

అత్యవసర మాత్రకూ ఇదే బెడద. ఇండ్యూసర్ వాడుతున్నవాళ్లకు, ఆపి 4 వారాలు దాటనివాళ్లకు అన్నిటికన్నా నమ్మకమైనది కలయిక జరిగిన 5 రోజుల లోపు వేయించుకునే కాపర్ టీ. అది కుదరకపోతే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములకు బదులు 3 మిల్లీగ్రాములు ఒకేసారి 72 గంటల లోపు ఇవ్వాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2016లో సూచించింది. వీలైనంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. మరో అత్యవసర మాత్ర యులిప్రిస్టాల్‌ను ఇండ్యూసర్లతో వాడకూడదు. ఇండ్యూసర్ ఏదీ లేనివాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి: యులిప్రిస్టాల్ వేసుకున్న వెంటనే మామూలు మాత్రలు మొదలుపెడితే ప్రొజెస్టిన్ దాని పనిని చెడగొడుతుంది. 5 రోజులు ఆగి మొదలుపెట్టాలి. ఆ 5 రోజులూ, ఆ తర్వాత మాత్ర పట్టుకునే 7 రోజులూ కండోమ్ తప్పదు.

మాత్ర ఇతర మందులను ఏం చేస్తుంది

దారి రెండువైపులా ఉంది. దీనికి బాగా చూడదగ్గ ఉదాహరణ లామోట్రిజిన్. ఫిట్స్‌కూ బైపోలార్‌కూ వాడే ఈ మందును బయటికి పంపే ఎంజైమ్‌ను ఇథినైల్ ఈస్ట్రడయాల్ పెంచుతుంది. మిశ్రమ మాత్ర మొదలుపెడితే రక్తంలో లామోట్రిజిన్ సగానికి పడిపోవచ్చు. ఇన్నాళ్లూ అదుపులో ఉన్న ఫిట్స్ తిరగబెట్టేది అలా. ఇంతటితో ఆగదు. 7 రోజుల విరామంలో ఈస్ట్రోజెన్ లేదు కనుక లామోట్రిజిన్ ఒక్కసారిగా పైకెక్కుతుంది, ఆ వారంలో తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం. మళ్లీ స్ట్రిప్ మొదలవగానే కిందికి. మూడు వారాలు మందు చాలదు, ఒక వారం ఎక్కువవుతుంది. మోతాదు సరిచేసే నాథుడు ఉంటే విరామం లేకుండా నడిపించవచ్చు, లేదా ఈస్ట్రోజెన్ లేని పద్ధతికి మారవచ్చు. ఇక్కడ మాత్ర పాడవలేదు, పాడైంది ఫిట్స్ మందు. లామోట్రిజిన్‌తో వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే ఈ ఊగిసలాట అంతగా కనిపించదు.

థైరాయిడ్ బిళ్ల వాడేవాళ్లలో ఈస్ట్రోజెన్ ఆ హార్మోన్‌ను మోసే ప్రోటీన్‌ను పెంచుతుంది, కొందరికి మోతాదు చాలకుండా పోతుంది. మాత్రలు మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల మధ్య టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకుంటే తేలిపోతుంది. నడుం పట్టేస్తే ఇచ్చే టిజానిడిన్, గర్భనిరోధక మాత్రలతో పాటు వాడితే శరీరంలో ఎక్కువసేపు నిలిచి బీపీ పడేస్తుంది, మగత తెస్తుంది. డ్రోస్పిరెనోన్ మాత్రలో ఉండే 3 మిల్లీగ్రాములు స్పైరోనొలాక్టోన్ 25 మిల్లీగ్రాములతో సమానంగా పొటాషియంను పట్టి ఉంచుతాయి. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులో, రోజూ వేసుకునే నొప్పి మాత్రలో తోడైతే మొదటి నెలలోనే పొటాషియం పరీక్ష చేయించాలి.

ఈస్ట్రోజెన్‌ను పెంచే మందులూ ఉన్నాయి. నొప్పికి వాడే ఎటొరికాక్సిబ్ 60 మిల్లీగ్రాముల దగ్గర సుమారు 37 శాతం, 120 దగ్గర 50 నుంచి 60 శాతం పెంచుతుంది. ఫంగస్ మందులు ఇట్రకొనజోల్, కీటోకొనజోల్ కూడా పెంచే రకమే. గర్భనిరోధానికి వీటివల్ల లోటు లేదు, వికారం, రొమ్ముల నొప్పి, తలనొప్పి పెరగవచ్చు. అసలు ఆలోచించాల్సింది గడ్డకట్టే ప్రమాదం గురించి. అందుకే అధిక రక్తస్రావానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ ఆమ్లాన్ని మిశ్రమ మాత్రతో కలిపి వాడే ముందు తప్పకుండా డాక్టర్‌తో మాట్లాడాలి. హెపటైటిస్ సి మందుల్లో గ్లెకాప్రెవిర్-పిబ్రెంటాస్విర్ వంటివి ఇథినైల్ ఈస్ట్రడయాల్‌తో కలిస్తే కాలేయం పరీక్షల అంకెలు ఎగబాకుతాయి. చికిత్స మొదలుకాకముందే మిశ్రమ మాత్ర ఆపి వేరే పద్ధతికి మారాలి.

కండోమ్ మీద ఆధారపడే రోజుల్లో చాలామందికి తట్టని సంగతి ఒకటి: యోనిలో వాడే కొన్ని ఫంగస్ క్రీముల్లో, పెస్సరీల్లో (లోపల పెట్టే బిళ్లలు) నూనె ఉంటుంది, అది లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. పెట్రోలియం జెల్లీ, కొబ్బరినూనె కూడా అంతే.

హార్మోన్ తగ్గిందని శరీరం ఏమైనా చెబుతుందా అంటే, అప్పుడప్పుడూ చెబుతుంది. నెలలుగా సాఫీగా సాగుతున్న మాత్రల మధ్యలో, కొత్త మందు మొదలైన రెండు మూడు వారాలకు స్పాటింగ్ వస్తే అనుమానించాలి. కానీ స్పాటింగ్ రాలేదు కాబట్టి మాత్ర పనిచేస్తోందనుకోవడానికి లేదు. అండం విడుదలై కూడా ఒక్క చుక్క కనబడకపోవచ్చు. విరామంలో వచ్చే రక్తస్రావమూ గర్భం లేదనడానికి రుజువు కాదు. అనుమానం ఉంటే చివరిసారి రక్షణ లేని కలయిక జరిగిన 21 రోజులకు మూత్ర పరీక్ష చేసుకోవాలి, ఫలితాన్ని నమ్మగలిగేది అప్పుడే. పరీక్షలో గర్భం అని తేలినా ఫిట్స్ మందును ఆ రోజే సొంతంగా ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే వచ్చే ఫిట్స్ తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కావచ్చు. మందు రాసిన డాక్టర్‌కు అదే రోజు తెలియజేయాలి.